వ్యభిచారానికి శిక్ష ఏమిటి? ధర్మశాస్త్రం, సంఘ క్రమశిక్షణ, దేశ చట్టం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యభిచారం గురించి బైబిలు ఏమంటుందన్న ప్రశ్న మన సంఘాల్లో సాధారణంగా ఎవరో ఒకరి సంసారం వీధిన పడ్డ తరువాతే వస్తుంది. అప్పటికి కోపం, అవమానం, పుకార్లు అన్నీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి వాక్యాన్ని నిదానంగా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఒకరు లేవీయకాండము ఎత్తి చూపుతారు, మరొకరు యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయం ఎత్తి చూపుతారు, పెద్దలు వాళ్ల వాళ్ల అలవాటు ప్రకారం తీర్పు చెప్పేస్తారు. విశ్వాసులు, సంఘ పెద్దలు, క్రైస్తవేతరులైన పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

మోషే ధర్మశాస్త్రం వ్యభిచారానికి ఏ శిక్ష విధించింది?

మరణశిక్ష. "వ్యభిచరింపకూడదు" అన్న ఆజ్ఞ నిర్గమకాండము 20:14లో ఉంది గాని అక్కడ శిక్ష ప్రస్తావన లేదు. శిక్ష లేవీయకాండము 20:10లోను, ద్వితీయోపదేశకాండము 22:22లోను ఉంది. పరాయివాని భార్యతో శయనించిన పురుషుడు, ఆ స్త్రీ, ఇద్దరూ మరణశిక్షకు పాత్రులని ఆ రెండు చోట్లా స్పష్టంగా రాసి ఉంది. లేవీయకాండములోని వాక్యం మొదలయ్యేదే పురుషునితో. ప్రధానం (నిశ్చితార్థం) జరిగిన కన్య విషయంలో రాళ్లతో కొట్టి చంపాలని ద్వితీయోపదేశకాండము 22:24 చెబుతుంది. అక్కడ కూడా శిక్ష ఇద్దరికీ.

అయితే ఆ చట్టంలో వ్యభిచారమనే నేరం స్త్రీ వివాహస్థితిని బట్టి నిర్ణయమయ్యేది. పెళ్లయిన పురుషుడు పెళ్లికాని అమ్మాయితో సంబంధం పెట్టుకుంటే అది మరణశిక్ష పడే నేరం కాదు. నిర్గమకాండము 22:16 ప్రకారం ఓలి (కన్యాశుల్కం) ఇచ్చి ఆమెను పెండ్లి చేసుకోవలసి వచ్చేది. బహుభార్యాత్వం చెల్లిన ప్రాచీన సమాజంలో పుట్టిన చట్టం అది. ఈ అసమానతను యేసు ఎలా సరిచేశాడో కింద చూద్దాం.

శిక్ష పడాలంటే ఎలాంటి రుజువు కావాలి?

కనీసం ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ చంపకూడదని ద్వితీయోపదేశకాండము 17:6 శాసిస్తుంది. ఆ తరువాతి వచనం ఇంకా ముందుకు వెళ్లి, మొదటి రాయి వేయవలసింది ఆ సాక్షులేనని చెబుతుంది. అంటే చెప్పుడు మాట చెప్పి తప్పుకునే వీలు లేదు. నేరం మోపినవాడే తన చేతులతో ప్రాణం తీయాలి. ఆ సాక్ష్యం అబద్ధమని తేలితే నిందితునికి పడవలసిన శిక్షే సాక్షికి పడుతుందని 19వ అధ్యాయం హెచ్చరిస్తుంది. గదిలో జరిగే తప్పుకు ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు దొరకడం ఎంత కష్టమో ఎవరికైనా తెలుసు. కఠినమైన శిక్షను ప్రకటించిన ఆ ధర్మశాస్త్రమే దాని అమలుకు ఇంత ఎత్తయిన అడ్డుగోడ కట్టింది.

సాక్షులు లేక అనుమానం మాత్రమే ఉంటే ఏం చేసేవారు?

సంఖ్యాకాండము 5వ అధ్యాయం దీనికోసమే ఉంది. అనుమానపడిన భర్త భార్యను యాజకుని దగ్గరకు తీసుకురావాలి. నూనె పోయని యవలపిండిని అర్పణగా తేవాలి. యాజకుడు మట్టి పాత్రలో పరిశుద్ధ జలం తీసుకుని, మందిరపు నేల మీది ధూళి కొంత అందులో కలుపుతాడు. ఆమె తల ముసుగు తీసి, పిండిని ఆమె చేతుల్లో పెట్టి, శాపవాక్యాలను పత్రం మీద రాసి, ఆ రాతను ఆ నీళ్లలో తుడిచి ఆమె చేత తాగిస్తాడు. ఆమె దోషి అయితే దేవుడే ఆ విషయం బయటపెడతాడని, నిర్దోషి అయితే ఆమెకు ఏ హానీ జరగదని, ఆమె సంతానవతి అవుతుందని నమ్మకం.

ఇప్పటి పాఠకులకు ఇది స్త్రీని అవమానించే తంతుగా కనిపిస్తుంది, అలా కనిపించడంలో తప్పు లేదు. భర్త మీద అనుమానపడిన భార్యకు అలాంటి మార్గమే లేదు. ఒక్క మాట మాత్రం గమనించాలి. అనుమానంతో రగిలిపోతున్న భర్త చేతిలో నుంచి తీర్పు తీసేసి దేవునికి అప్పగించిన పద్ధతి అది, అందులో మనుషులు ఆమె మీద చెయ్యి వేయడానికి లేదు. రెండవ దేవాలయం చివరి రోజుల్లో యోహానాన్ బెన్ జక్కయి అనే యూదు బోధకుడు ఈ ఆచారాన్ని నిలిపివేశాడని యూదుల ధర్మబోధల సంకలనమైన మిష్నా చెబుతోంది. అందుకు ఆధారంగా చూపిన వాక్యం హోషేయ 4:14. మగవాళ్లే వేశ్యలతో తిరుగుతున్నప్పుడు మీ కుమార్తెలను, కోడళ్లను నేను శిక్షించనని దేవుడు పలికే వాక్యం అది.

పాత నిబంధనలో ఈ నేరానికి ఎవరికైనా మరణశిక్ష నిజంగా అమలైందా?

వ్యభిచార నేరానికి న్యాయస్థానం తీర్పు మీద ఒకరిని చంపిన సంఘటన పాత నిబంధన చరిత్ర భాగాల్లో ఒక్కటి కూడా వర్ణించి లేదు. ఆదికాండము 38లో యూదా తన కోడలు తామారును కాల్చివేయమంటాడు గాని, గర్భానికి కారకుడు తానేనని తేలగానే ఆమె తనకంటే నీతిమంతురాలని ఒప్పుకుంటాడు. దావీదు విషయం ఇంకా బరువైనది. ఊరియా భార్య బత్షెబను పిలిపించుకుని, తరువాత ఊరియాను యుద్ధంలో చంపించిన రాజు ధర్మశాస్త్రం ప్రకారం రెండుసార్లు మరణశిక్షకు పాత్రుడు. నాతాను ప్రవక్త వచ్చి, పేదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాక్కున్న ధనవంతుని కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఆ కథలో బత్షెబ గొఱ్ఱెపిల్ల. దోషమంతా రాజు మీదే పడింది, ఆమె మీద ఒక్క మాట కూడా పడలేదు. దావీదు పాపం ఒప్పుకున్నాడు, క్షమాపణ పొందాడు, ప్రాణం దక్కింది. అయినా దాని ఫలితాలు అతని ఇంటిని జీవితాంతం వదలలేదు. క్షమాపణ అంటే పర్యవసానాలన్నీ మాఫీ కావడమని అనుకునేవారు రెండవ సమూయేలు 12 నుంచి 18 వరకు ఒకే బిగిన చదవాలి.

యోహాను 8వ అధ్యాయంలో యేసు చేసినది ఏమిటి?

శాస్త్రులు, పరిసయ్యులు ఒక స్త్రీని దేవాలయ ఆవరణలోకి తీసుకువచ్చి నలుగురి మధ్య నిలబెట్టారు. వ్యభిచారం చేస్తుండగానే పట్టుకున్నామన్నారు. చేస్తుండగా పట్టుకుంటే పురుషుడు కూడా అక్కడే ఉండాలి కదా. అతడేడీ? ధర్మశాస్త్రం ఇద్దరినీ రమ్మంటుంటే వాళ్లు తెచ్చింది సగం కేసు. పైగా అది ఉచ్చు. రాళ్లతో కొట్టమంటే రోమా ప్రభుత్వంతో చిక్కు, ఎందుకంటే మరణశిక్ష అమలు చేసే అధికారం తమకు లేదని యూదుల పెద్దలే యోహాను 18:31లో ఒప్పుకుంటారు. వద్దంటే మోషేకు విరోధి అన్న నింద.

యేసు వంగి నేల మీద రాశాడు. ఏం రాశాడో సువార్త చెప్పలేదు, దాని మీద వచ్చిన ఊహలన్నీ ప్రసంగీకులవే. తరువాత ఆయన అన్న మాట, పాపం లేనివాడు మొదటి రాయి వేయవచ్చునన్నది, సాక్షులే మొదటి రాయి వేయాలన్న ద్వితీయోపదేశకాండపు నిబంధనను నేరుగా తాకుతుంది. అంటే ఆయన ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టలేదు, దాని షరతులను నెరవేర్చగలిగినవాడు ముందుకు రమ్మన్నాడు. పెద్దవారు మొదలుకొని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి ఆమెతో ఆయన చెప్పిన మాటలో రెండు భాగాలున్నాయి: శిక్ష విధించను, ఇక పాపం చేయవద్దు. మన ప్రసంగాల్లో కొందరు మొదటి భాగంతో ఆపేస్తారు, కొందరు రెండవ భాగాన్ని మాత్రమే గట్టిగా చదువుతారు. రెండూ ఒకే నోట వచ్చిన మాటలు.

ఆ భాగం పాత వ్రాతప్రతుల్లో లేదంటారు. అయితే దాని మీద ఆధారపడవచ్చా?

లేదన్నది నిజమే. బైబిలు పాత చేతిరాత ప్రతులైన సినాయ్, వాటికన్ ప్రతుల్లోను, అంతకంటే పాతవైన పాపిరస్ ప్రతుల్లోను యోహాను 7:53 నుంచి 8:11 వరకు ఉన్న వచనాలు లేవు. 5వ శతాబ్దానికి చెందిన బేజా ప్రతిలో ఉన్నాయి. ఇలాంటి కథను 3వ శతాబ్దపు సిరియా సంఘాల క్రమశిక్షణ గ్రంథం ఒకటి పశ్చాత్తాపపడినవారిని చేర్చుకోవడానికి ఆదర్శంగా చూపింది. భార్యలకు పాపం చేయడానికి అనుమతి దొరికినట్లవుతుందన్న భయంతో అల్పవిశ్వాసులు కొందరు దీన్ని తమ ప్రతుల్లోంచి తీసేశారని ప్రాచీన సంఘ బిషప్ అగస్టీన్ అభిప్రాయపడ్డాడు. అది సరైన వివరణ అని ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు, కానీ అలాంటి భయం ఆ కాలపు మగవారిలో ఉండేదని ఆయన మాట వల్ల తెలుస్తుంది. ఈ భాగాన్ని పూర్తిగా పక్కన పెట్టినా మత్తయి 5, 19 అధ్యాయాలు, దావీదు చరిత్ర, కొరింథీ పత్రికలు ఇదే దారి చూపుతాయి కాబట్టి క్రైస్తవ బోధ ఈ పన్నెండు వచనాల మీదే నిలబడి లేదు.

యేసు ఈ పాపాన్ని తేలిక చేశాడా?

ఇంకా బరువు చేశాడు. మోహపు చూపుతో స్త్రీని చూసినవాడు అప్పుడే తన హృదయంలో వ్యభిచరించాడని మత్తయి 5:28లో అన్నాడు. అక్కడ దోషం చూసినవాని కంటిది, ఆమె కట్టూబొట్టూది కాదు. మార్కు 10:11లో, భార్యను విడిచి మరొకతెను పెండ్లి చేసుకున్నవాడు "ఆమె విషయమై" వ్యభిచరించినవాడవుతాడని చెప్పడంతో, భర్త కూడా భార్యకు ద్రోహం చేయగలడన్న మాట మొదటిసారి చట్టం భాషలోకి వచ్చింది. పాత చట్టంలోని అసమానత ఇక్కడ పోయింది.

అలాంటప్పుడు పాత నిబంధన శిక్షలు క్రైస్తవులకు వర్తించవని ఏ ఆధారంతో చెబుతారు?

13వ శతాబ్దంలో కాథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ ధర్మశాస్త్రాన్ని నైతిక, ఆచార, న్యాయ విధులుగా విభజించి వివరించాడు. నైతిక విధులు ఎప్పటికీ ఉంటాయి. ఇశ్రాయేలు అనే రాజ్యానికి ఇచ్చిన న్యాయవిధులు క్రీస్తు రాకతో బంధించే శక్తిని కోల్పోయాయి. 1646లో ఇంగ్లండు ప్రొటెస్టంట్లు తయారుచేసిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 19వ అధ్యాయంలో దాదాపు ఇదే మాట చెప్పింది: ఆ న్యాయవిధులు ఆ రాజ్యంతోపాటే ముగిశాయి, వాటిలోని సాధారణ న్యాయసూత్రం మాత్రం నిలుస్తుంది. ఈ మూడు భాగాల విభజన బైబిల్లో ఆ పేర్లతో ఎక్కడా లేదన్న విమర్శ సమంజసమైనదే. అయినా పౌలు ఆచరణను చూస్తే దాని సారాంశం దొరుకుతుంది.

కొరింథులో ఒకడు తండ్రి భార్యను ఉంచుకున్నాడు. లేవీయకాండము 20:11 ప్రకారం అదీ మరణశిక్ష పడే నేరమే. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఆ దుష్టుని మీలో నుండి వెలివేయమంటాడు. ద్వితీయోపదేశకాండములో మరణశిక్షల చివర వచ్చే మాటనే ఆయన ఇక్కడ వాడాడు, కానీ శిక్ష మాత్రం సహవాసం నుంచి తీసివేయడం, అదీ "ఆత్మ రక్షింపబడునట్లు". రెండవ పత్రిక 2వ అధ్యాయంలో, శిక్ష పొందిన ఒకనికి ఇప్పటికి పడింది చాలు, అతడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించండి అని రాశాడు. ఇద్దరూ ఒకరే అవునా కాదా అన్నదానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు గాని, క్రమం మాత్రం స్పష్టంగా ఉంది. చంపే చోట వెలివేయడం వచ్చింది, వెలివేసిన చోట తిరిగి చేర్చుకోవడం వచ్చింది.

ఆది సంఘం ఎలాంటి శిక్షలు వేసింది?

దీర్ఘకాలపు ప్రాయశ్చిత్తం. క్రీ.శ. 314లో అంకురాలో కూడిన బిషప్పుల సభ తన 20వ నియమంలో వ్యభిచారానికి ఏడు సంవత్సరాలు విధించింది. కైసరయ బిషప్ బసిలు దాన్ని 15 ఏళ్లకు పెంచాడు: నాలుగేళ్లు గుడి ద్వారం బయట నిలబడి లోపలికి వెళ్లేవారిని ప్రార్థించమని ఏడుస్తూ అడగాలి, ఐదేళ్లు వాక్యం విని బయటకు వెళ్లిపోవాలి, నాలుగేళ్లు మోకరించి ప్రార్థనలో పాల్గొనాలి, చివరి రెండేళ్లు విశ్వాసులతో నిలబడవచ్చు గాని ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) చేయి వేయకూడదు. అంతకు ముందు, 3వ శతాబ్దపు తొలి దశకాల్లో, వ్యభిచారిని పశ్చాత్తాపం తరువాత చేర్చుకుంటామని ఒక బిషప్ ప్రకటిస్తే తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత మండిపడి ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. క్షమించవచ్చునన్న పక్షమే సంఘంలో చివరికి నిలిచింది.

ఆ కాలంలో మనసును కదిలించే వ్యక్తి ఫబియోల. రోములో గొప్ప వంశపు స్త్రీ. భర్త వ్యభిచారాలు భరించలేక అతన్ని విడిచిపెట్టి, రోమా చట్టం ఒప్పుకుంది గనుక మరో పెళ్లి చేసుకుంది. రెండవ భర్త చనిపోయాక, పాస్కా (ఈస్టర్) పండుగకు ముందు, లాతెరాన్ గుడిలో గోనెపట్ట కట్టుకుని, జుట్టు విరబోసుకుని, ప్రాయశ్చిత్తం చేసేవారి వరుసలో అందరి ముందూ నిలబడింది. తరువాత ఆస్తి అమ్మి రోములో వైద్యశాల పెట్టి, రోగుల పుండ్లు తన చేతులతో కడిగింది. ఆమె 399లో చనిపోయాక బైబిలు పండితుడు జెరోము రాసిన లేఖలో ఒక మాట ఉంది: కైసరు చట్టాలు వేరు, క్రీస్తు చట్టాలు వేరు, అక్కడ మగవారికి కళ్లేలు వదిలేస్తారు, మన దగ్గర స్త్రీకి కూడనిది పురుషునికీ కూడదు. అంతకు సుమారు ఇరవై ఏళ్ల ముందు నజియాంజు గ్రెగోరీ అనే బిషప్ ప్రసంగ పీఠం మీద నుంచే ఈ చట్టాన్ని తాను అంగీకరించనని, దాన్ని చేసింది మగవాళ్లు కాబట్టే ఆడవాళ్ల మీద కఠినంగా ఉందని చెప్పాడు. గ్రెగోరీకి ప్రాణస్నేహితుడైన బసిలు మాత్రం ప్రభువు మాట ఇద్దరికీ సమానమని ఒప్పుకుంటూనే, ఆచారం వేరుగా ఉందని సర్దుకున్నాడు. మన సంఘాల్లో ఇప్పటికీ ఎక్కువగా నడుస్తున్నది బసిలు సర్దుబాటే, గ్రెగోరీ ధైర్యం కాదు.

చక్రవర్తులు క్రైస్తవులయ్యాక శిక్ష మారిందా?

సంఘం శిక్ష వేరు, రాజ్యం శిక్ష వేరు. క్రీ.పూ. 18లో అగస్టసు తెచ్చిన చట్టం ద్వీపాంతరవాసం, ఆస్తి జప్తు విధించేది. 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్, అతని కుమారుల కాలంలో అది మరణశిక్ష దాకా పోయింది. 556లో జస్టీనియన్ స్త్రీకి మరణశిక్ష బదులు కొరడా దెబ్బలు, ఆశ్రమవాసం విధించి, రెండేళ్లలోపు భర్త తిరిగి ఏలుకోవచ్చునని చెప్పాడు. మధ్యయుగంలో ఐరోపా సంఘ న్యాయస్థానాలు ప్రాయశ్చిత్తం, జరిమానా, భార్యాభర్తలను వేరు చేయడం వంటి వాటితో సరిపెట్టాయి.

ప్రొటెస్టంట్ సంఘాలకు పునాది వేసిన సంస్కర్తలు మరణశిక్షను సమర్థించారా?

ఈ ప్రశ్నకు ప్రొటెస్టంట్లమైన మనం తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. అవును, సమర్థించారు. 1522లో వివాహ జీవితం గురించి రాస్తూ లూథరు, వ్యభిచారిని ప్రభుత్వం చంపాలని, చంపకపోతే నిర్దోషియైన భాగస్వామి అతడు చచ్చినట్టే భావించి మళ్లీ పెళ్లి చేసుకోవచ్చునని అన్నాడు. కాల్విన్ ద్వితీయోపదేశకాండపు వ్యాఖ్యానంలో, క్రైస్తవ రాజ్యాల్లో ఈ నేరానికి శిక్ష తేలికైపోయిందని వాపోయాడు. జెనీవాలో పాస్టర్లు, పెద్దలు వారానికోసారి కూర్చునే సంఘ న్యాయసభకు బల్ల నుంచి ఆపడానికి మించిన అధికారం లేదు. జైలు, బహిష్కరణ, మరణం నగర ప్రభుత్వం చేతిలో ఉండేవి. ఘోరమైన సందర్భాల్లో మరణశిక్షను రాతపూర్వక చట్టం చేసింది 1566లో, కాల్విన్ చనిపోయిన రెండేళ్లకు. స్కాట్లండులో 1563లోను, ఇంగ్లండులో 1650 మేలోను ఇలాంటి చట్టాలు వచ్చాయి. ఇంగ్లండు చట్టంలో పెళ్లయిన స్త్రీ తప్పు చేస్తే మరణం; పెళ్లయిన పురుషుడు పెళ్లికాని స్త్రీతో తప్పు చేస్తే మూడు నెలల జైలు. నేరం రుజువు చేయడానికి జ్యూరీలు చాలా అరుదుగా ముందుకొచ్చారు. 1660లో రాచరికం తిరిగి రాగానే ఆ చట్టం పోయింది.

అమెరికాలో మసాచుసెట్స్ వలస ప్రాంతం 1641లో లేవీయకాండాన్నే చట్టంలో ఆధారంగా చూపి మరణశిక్ష పెట్టింది. 1644 మార్చిలో బోస్టన్‌లో మేరీ లేథమ్, జేమ్స్ బ్రిటన్ అనే ఇద్దరిని ఉరితీశారు. గవర్నరుగా పనిచేసిన జాన్ విన్‌త్రోప్ తన దినచర్యలో ఆ వివరాలు రాశాడు. ఆమెకు 18 ఏళ్లు. మనసు పడినవాడు కాదన్న కోపంలో, ముందు వచ్చి అడిగిన ముసలివాణ్ణి పెళ్లాడింది, అతని మీద ప్రేమ లేదు. జబ్బుపడిన బ్రిటన్ మనస్సాక్షి పొడిచి తానే నేరం ఒప్పుకున్నాడు. ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు లేరు కదా అని న్యాయాధిపతుల్లో కొందరు సంశయించినా జ్యూరీ దోషులన్నది. చనిపోయేముందు ఆమె తనతో తప్పు చేసిన మరో పన్నెండు మంది పేర్లు చెప్పింది. అయిదుగురిని పట్టుకున్నారు, వాళ్లు కాదన్నారు. మరణశిక్ష పడిన మనిషి సాక్ష్యం తప్ప వేరే ఆధారం లేదని వారిని వదిలేశారు. సాక్షుల నియమం ఆ మగవారిని కాపాడింది, ఆ పిల్లను కాపాడలేదు. వాక్యాన్ని అక్షరాలా అమలు చేస్తున్నామని నమ్మిన భక్తిపరులు చేసిన పని ఇది. 1694లో ఆ చట్టాన్ని మార్చి కొరడా దెబ్బలు, మెడకు ఉరితాడుతో గంటసేపు నిలబెట్టడం, బట్ట మీద రెండంగుళాల ‘A’ అక్షరం కుట్టించడం పెట్టారు.

ఇప్పుడు మరణశిక్ష కోరే క్రైస్తవులు ఉన్నారా?

చాలా తక్కువమంది. మోషే న్యాయవిధులు నేటి ప్రభుత్వాలకూ వర్తిస్తాయని 1973లో అమెరికాకు చెందిన రూసస్ రష్‌డూనీ పెద్ద గ్రంథం రాశాడు. ప్రధాన శాఖలేవీ ఆ వాదనను అంగీకరించలేదు.

భారతదేశంలో వ్యభిచారం నేరమా?

కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ కింద పరాయివాని భార్యతో సంబంధం పెట్టుకున్న పురుషునికి ఐదేళ్ల వరకు జైలు ఉండేది. అదీ ఆ భర్త సమ్మతి లేకపోతేనే. భార్యను భర్త సొత్తుగా చూసిన ఆ సెక్షన్‌ను 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరం లేదు. సైనిక దళాల్లో మాత్రం వారి సొంత చట్టాల కింద క్రమశిక్షణ చర్యలు తీసుకోవచ్చునని 2023 జనవరిలో కోర్టు స్పష్టం చేసింది. నేరం కాకపోవడం వేరు, పాపం కాకపోవడం వేరు. ఈ తీర్పు వచ్చినప్పుడు కొన్ని సంఘాల్లో కలిగిన ఆందోళనకు కారణం ఈ రెంటినీ కలిపేయడమే.

క్రైస్తవ దంపతులకు వ్యభిచారం కారణంగా విడాకులు దొరుకుతాయా?

దొరుకుతాయి. 1869 విడాకుల చట్టం 10వ సెక్షన్ కింద ఇది ఒక కారణం. 2001 సవరణకు ముందు, భర్త భార్య వ్యభిచారాన్ని ఒక్కదాన్నే చూపిస్తే సరిపోయేది. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాలి. నూట ముప్పై ఏళ్లకు పైగా మన క్రైస్తవ స్త్రీలు ఆ వివక్ష భరించారు. 2001 తరువాత వ్యభిచారం విషయంలో ఇద్దరికీ ఒకే నియమం వర్తిస్తోంది, పరస్పర అంగీకారంతో విడాకులు కోరే 10ఎ సెక్షన్ కూడా వచ్చింది. తెలిసీ క్షమించి కాపురం కొనసాగించినట్టు తేలితే అదే తప్పును కారణంగా చూపడం కుదరదు. పాస్టరుగారి ఉత్తరం, సంఘం తీర్మానం, కాథలిక్ ధర్మాసనం తీర్పు, వీటిలో ఏదీ చట్టరీత్యా విడాకులు కాదు; కోర్టు డిక్రీ లేకుండా రెండో పెళ్లి చేసుకుంటే ద్విభార్యాత్వ నేరమవుతుంది.

శాఖల మధ్య ఈ విషయంలో తేడాలేమిటి?

మత్తయి 19:9లోని మినహాయింపు ఆధారంగా ప్రొటెస్టంట్ సంఘాల్లో ఎక్కువ భాగం నిర్దోషి పక్షానికి విడాకులు, పునర్వివాహం అనుమతిస్తాయి. ఆర్థడాక్స్ సంఘాలు కూడా అనుమతిస్తాయి. కాథలిక్ సంఘం వివాహబంధం తెగదంటుంది. 1983 సంఘ ధర్మసూత్రాల్లో 1152వది ముందు క్షమించమని ప్రోత్సహిస్తూ, క్షమించలేనివారు బంధం తెంచకుండానే వేరుగా జీవించవచ్చునంటుంది. మన ప్రాంతంలోని స్వతంత్ర సంఘాల్లో రాతపూర్వక నియమం ఉండడం అరుదు, కాబట్టి నిర్ణయం చాలావరకు పాస్టరుగారి అభిప్రాయాన్ని బట్టి ఉంటుంది. రాసి పెట్టుకోవడం అందరికీ మేలు.

బల్ల నుంచి ఆపడం, సంఘం ముందు నిలబెట్టడం, జరిమానా వేయడం వాక్యానుసారమేనా?

ప్రభువు బల్ల నుంచి కొంతకాలం ఆపడం, బాధ్యతల నుంచి తప్పించడం పౌలు బోధకు అనుగుణమైనవే. మత్తయి 18:15-17లోని క్రమం పాటించాలి: మొదట ఒంటరిగా, తరువాత ఇద్దరు ముగ్గురితో, చివరికి సంఘంతో. మన దగ్గర ఈ క్రమం తలకిందులై ఆదివారం ఆరాధనలోనే మొదటిసారి మాట బయటపడడం జరుగుతుంది. జరిమానాకు కొత్త నిబంధనలో ఆధారమే లేదు. కుల పంచాయితీలో తప్పు కట్టించే అలవాటు సంఘంలోకి వచ్చిన తీరు అది. అన్నింటికంటే ముందు చూడవలసింది ఇద్దరిలో ఎవరిని పిలిచారన్నది. ఆమె చేత సంఘం ముందు క్షమాపణ చెప్పించి, అతడు మరో ఊరి సంఘానికి వెళ్లి అక్కడ పాటలు పాడుతుంటే, అది క్రమశిక్షణ అనిపించుకోదు. ఎంతకాలం ఆపుతారో, ఏం జరిగితే తిరిగి చేర్చుకుంటారో కూడా ముందే చెప్పాలి. ఈ పాపానికి గడువు లేని శిక్షను బసిలు కూడా వేయలేదు.

సంబంధం బలవంతంగా జరిగి ఉంటే, లేదా తప్పు చేసింది పాస్టరే అయితే?

బలవంతం వ్యభిచారం కాదు. ద్వితీయోపదేశకాండము 22:25-27 ఆ స్త్రీలో మరణానికి తగిన దోషం లేదని, అది ఒకడు మరొకని మీద పడి చంపడం వంటిదని చెబుతుంది. అలాంటి బాధితురాలిని క్షమాపణ అడగమనడం, రాజీ కుదర్చడం ఘోరం. సంఘ పెద్దల మీద ఫిర్యాదు వస్తే మొదటి తిమోతి 5:19-20 ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలంటూనే, పాపం రుజువైతే అందరి ముందు గద్దించమంటుంది. పదవి అతనికి రక్షణ కాదు. బాధితురాలు 18 ఏళ్లలోపు బాలిక అయితే సంఘ కమిటీ విచారించి తేల్చేదంటూ ఏమీ లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి, తెలిసీ చెప్పకపోతే అది శిక్షార్హం. బాలల సహాయవాణి నంబరు 1098.